పాడుతోందా, ఏడుస్తోందా

మా మామ జీపు పాటలు పాడుతుందని నా చిన్నప్పుడు నేను గట్టిగా నమ్మాను. నమ్మకపోవడానికి కారణం ఏముంది? ఆ మాట చెప్పింది మా మామ. ఆ రోజుల్లో మామ చెప్పిన మాటకు నా దగ్గర తిరుగు లేదు.

నాకు రాత రాదు. అక్షరాలు కూడబలుక్కునే లోపలే బడి మానేశాను. నేను చెబుతుంటే నా కోడలు రాస్తోంది. ఎక్కడైనా మాట ముందూ వెనకా అయితే అది నా నోటి తప్పు, ఆ పిల్ల చేతి తప్పు కాదు.

మా అమ్మానాన్నలు కూలి పనులకు బెంగుళూరు వైపు పోతూ, నన్ను పెద్దపంజాణి దగ్గర పల్లెలో మా అవ్వ ఇంట్లో వదిలారు. ఆ ఇంట్లో అవ్వ, మా అమ్మ తమ్ముడైన మామ, మామ పెళ్లాడి తెచ్చుకున్న అత్త, నేను. ఇంకొకటి కూడా ఉండేది, జీపు. దాన్ని కూడా ఇంటి మనిషిగానే లెక్కపెట్టాలి. మామ మొదట దాని ముఖం తుడిచి, ఆ తరువాతే తన ముఖం కడుక్కునేవాడు.

అది ఎవరెవరి చేతులో మారి మారి మామ దగ్గరకు వచ్చిన ముసలి జీపు. ఒకప్పుడు ఆకుపచ్చ రంగు వేశారని చెబితే తప్ప తెలిసేది కాదు. ఎడమ పక్క తలుపు లేదు, అక్కడ మోకు కట్టి ఉండేది. మామ దాంట్లో పుంగనూరు నుంచి మదనపల్లెకు మనుషులను ఎక్కించుకుని పోయేవాడు. మనుషులతో పాటు పాల క్యాన్లు, టమాటా గంపలు, సంతకు పోయే కోళ్లు, ఒక్కోసారి పెళ్లికొడుకు కూడా. జీపుకు ఉన్న ఒకే ఒక షోకు టేపురికార్డరు. మామ పాట పెట్టాడంటే రోడ్డు పక్కన చేలో కలుపు తీసే ఆడవాళ్లు నడుము ఎత్తి చూసేవాళ్లు.

ఆ ఏడాది ఉగాది అప్పుడు జీపు వెనక చక్రంలోంచి ఒక శబ్దం మొదలైంది. ఎడమ వైపు చక్రం. మెల్లగా పోతే సన్నగా, వేగంగా పోతే పెద్దగా, ఊ... అని ఒకటే రాగం. నేనెప్పుడూ వెనక సీట్లో ఆ చక్రం పైనే కూర్చునేదాన్ని, అందుకని అందరికంటే ముందు నాకే వినిపించింది. మామను అడిగితే నవ్వాడు.

“పాటలు ఇని ఇని దానికీ వచ్చేసిండాది పాపా. పాడతాండాది.”

పక్కనే చేటలో రాళ్లు ఏరుతున్న అత్త తల ఎత్తకుండా అంది, “పాడతా ల్యా. ఏడుస్తాండాది.”

అత్త పుట్టిల్లు కుప్పం. మాట తక్కువ మనిషి. మా ఇంటికి వచ్చి ఏడాది దాటినా ఆమె గొంతు ఎలా ఉంటుందో పక్కింటివాళ్లకు సరిగా తెలియదు. అలాంటి మనిషి నోరు తెరిచి ఒక మాట చెబితే ఇంటిల్లిపాదీ ఆగి వినాలి. మేం వినలేదు. మామ, “సంగీతం తెలీని దానికి యాడుపులాగే ఇనిపిస్తాది లే,” అన్నాడు. నేను కిలకిలా నవ్వాను. అవ్వ మాత్రం తన ధోరణిలో, “కందెన వేయని బండికి కావలసినంత సంగీతం అనేది ఊరకే కాదురా అబ్బోడా,” అంది. ఎద్దుల బండి ఇరుసుకు ఆముదమూ మసీ కలిపి పూసే కందెన సంగతి అవ్వకు తెలుసు. జీపుకు అలాంటిది ఏం పూస్తారో మామకు తెలుసు. పుంగనూరులో గ్రీజు డబ్బా కొని సీటు కింద పెట్టాడు కూడా. పెట్టి, దాని మీద క్యాసెట్లు పేర్చాడు. చక్రం రాగం పెరిగినప్పుడల్లా మామ టేపు మీట కొంచెం కొంచెం తిప్పుతూ వచ్చాడు.

ఇట్లా ఉండగా ఒక సంత రోజు కుప్పం నుంచి పశువులు తోలుకొచ్చిన ఒకాయన, అత్త వాళ్ల అమ్మకు ఒంట్లో బాగలేదని, కూతురిని ఒకసారి చూడాలంటోందని చెప్పి పోయాడు. అత్త ఆ సాయంత్రమే బస్సుకు పోతానంది. మామకు రోషం వచ్చింది. జీపు ఉన్నవాడి పెళ్లాం బస్సులో నిలబడి పోవడమా? రేపు నేనే తీసుకుపోతానన్నాడు. మరుసటి రోజు మదనపల్లెకు టమాటా బాడుగ. ఆ తరువాత ఒక పెళ్లి. ఆ తరువాత ఇంకొకటి. మామ అబద్ధం చెప్పేవాడు కాదు, ఏ రోజుకారోజు రేపు పోదామనే అనుకునేవాడు.

అత్త మళ్లీ అడగలేదు. కానీ ఇంట్లో గిన్నెలు మాట్లాడడం మొదలుపెట్టాయి. తపేలా దించితే ధన్‌మనేది. చెంబు బావి గట్టుకు తగిలేది. రాగి సంగటి కెలికే కట్టె కుండ అంచుకు కొట్టుకునేది. అవ్వకు చెవులు మందం. నేను పిల్లదాన్ని. మామ, గిన్నెల మోత ఎక్కువైతే లేచి జీపులోకి పోయి, పాట పెట్టుకుని పడుకునేవాడు.

చివరికి రెండోసారి కబురు వచ్చింది. ముసలామె గంజి కూడా మింగడం లేదని. ఆ ఉదయం అత్త గిన్నెలు ముట్టుకోలేదు. సంచిలో రెండు చీరలు పెట్టుకుని, జీపు ముందు సీట్లో పోయి కూర్చుంది. ఎవరినీ రమ్మనలేదు, పోదామనలేదు. మామ ఆ రోజు బాడుగ వదిలేసి బండి తీశాడు. నేను ఏడ్చి గోల చేసి వెనక ఎక్కాను.

ఎండ చుర్రుమంటోంది. పలమనేరు దాటాక చక్రం రాగం మారింది. ఊ... అనేది పోయి గరగరమని గొంతులో కఫం అడ్డం పడ్డట్టు అయింది. మామ టేపు ఇంకొంచెం పెంచాడు. అత్త వెనక్కి తిరిగి ఆ చక్రం వైపు చూసింది, మామ వైపు చూసింది, మళ్లీ రోడ్డు వైపు తిరిగింది. నా కాళ్ల కింద రేకు వెచ్చబడింది. మాడిన నూనె వాసన వచ్చింది. నేను మామా మామా అని పిలిచాను. పాటలో ఆయనకు వినిపించలేదు.

బైరెడ్డిపల్లె ఇంకా కొంత దూరం ఉందనగా కీచుమని ఒక అరుపు. జీపు ఎడమ పక్కకు లాగి, కుంటి మనిషిలా కాలు ఈడ్చి, ఆగింది. దిగి చూస్తే రోడ్డు మీద ఒక నల్లటి గీత. చక్రం తిరగడం మాని ఈడ్చుకుంటూ వచ్చిన గీత అది. మామ ముందుకు నెట్టాడు, వెనక్కు నెట్టాడు. ఆ దారిన పోయే లారీవాళ్లు దిగి తలా ఒక చెయ్యి వేశారు. మిగతా మూడు చక్రాలు కదలబోతాయి, ఈ ఒక్కటి భూమిని పట్టుకుని వదలదు. టేపు మాత్రం పాడుతూనే ఉంది.

లారీవాళ్లు ఊళ్లోకి పోయి చెప్పినట్టున్నారు, బండ్లు బాగుచేసే ఒక పెద్దాయన మోపెడ్డు మీద పనిముట్ల గోనెసంచి వేసుకుని వచ్చాడు. అక్కడ అందరూ ఆయన్ని మేస్త్రీ అనేవాళ్లు. నెరిసిన గడ్డం, చొక్కా ఏ రంగుదో గ్రీజుకే తెలియాలి. ఆయన చక్రం దగ్గరకు పోలేదు. ముందు మామ దగ్గరకు వచ్చాడు.

“ఆ పాట ఆపప్పా ముందు. ఇంట్లో జొరంతో పడుండేవాళ్ల కాడ మేళం పెడతారా?”

మామ గబగబా పోయి ఆపాడు. ఆపగానే ఎంత నిశ్శబ్దమో! ఆ రోడ్డు మీద చింతచెట్ల ఆకులు కదిలే శబ్దం ఉందని నాకు అప్పుడే తెలిసింది.

జాకీ వేసి చక్రం విప్పారు. మేస్త్రీ లోపలి దిమ్మను చేత్తో తిప్పబోయి చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. అంత వేడి. బేరింగు పట్టేసింది అన్నాడు. మేం ఆ మాట ఎప్పుడు వాడతాం? మెడ పట్టేసింది, నడుము పట్టేసింది అంటాం, లేదా దయ్యం పట్టింది అంటాం. జీపుకు ఇందులో ఏది పట్టిందో అని నేను భయపడ్డాను. బేరింగంటే చక్రానికీ ఇరుసుకూ మధ్య ఉండే ఇనుప కడియమని, అందులోని గుండ్లు దొర్లుతుంటేనే చక్రం తిరుగుతుందని, గ్రీజు లేక ఎండిపోతే అవి ఒరుసుకుని కాలి ఇరుసుకు అతుక్కుపోతాయని, ఆయనే నాకు అర్థమయ్యేట్టు చెప్పాడు.

ఆ తరువాత ఆయన ఒక వింత పని చేశాడు. చెడిపోయిన చక్రాన్ని వదిలేసి, ఆ పక్క బండిని రాళ్ల మీద నిలబెట్టి, కుడి పక్కకు జాకీ మార్చి, బాగున్న చక్రాన్ని చేత్తో తిప్పాడు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇరుసుకు ఆనించి, పిడిని చెవికి ఆనించుకుని కళ్లు మూసుకున్నాడు. వైద్యుడు నాడి చూసినట్టు. మామను కూడా వినమన్నాడు. నేను ఎగబడితే నాకూ ఇచ్చాడు. పిల్లి ఒళ్లో పడుకుని గురకపెట్టినట్టు, మెత్తగా, హాయిగా ఉంది ఆ శబ్దం.

“ఇది కుశాలగా ఉండాది,” అన్నాడు మేస్త్రీ. “ఆ పక్కది చూడు, ఇంగ మాట్లాడదు. అరిసి అరిసి నోరు మూసుకునింది. అరిసేదాన్ని బాగుచేసేది సులువప్పా. నోరు మూసుకున్నదాన్ని బాగుచేసేది కష్టం. ఎన్నాళ్లుగా అరస్తాంది?”

“ఈ మధ్యనే. నాలుగు దినాలుంటాది,” అన్నాడు మామ.

“ఉగాది కాణ్ణించి,” అని చెట్టు కింద నుంచి ఒక గొంతు వచ్చింది. మేం అందరం అటు తిరిగాం. ఉదయం నుంచి అత్త మాట్లాడిన మొదటి మాట అది. “నేను సెప్తానే ఉండా.”

మేస్త్రీ మామ ముఖం చూశాడు. బిగిసినదాన్ని బయటకు లాగే మూడు కాళ్ల పుల్లరు తీసి చక్రం దిమ్మకు తగిలించి మర బిగించసాగాడు. దిమ్మ కదలలేదు. ఇంకా బిగించాడు. కదలలేదు. మామకు ఓపిక పోయింది. పెద్ద సుత్తి అందుకున్నాడు. మేస్త్రీ ఆ సుత్తిని మెల్లగా, పిల్లవాడి చేతిలోని కత్తిని తీసుకున్నట్టు తీసుకున్నాడు.

“కొడితే ఇరుసు పోతాది. పట్టేసినదాన్ని కొట్టకూడదప్పా. బిగించి, డీజిలు పోసి, దాని మానాన దాన్ని వదలాల. అదే వస్తాది.”

“రాకపోతే?”

“వస్తాది. కాకపోతే అది వచ్చేటప్పుడు మనం ఆడ ఉండాల.”

సందుల్లో డీజిలు పోసి, పుల్లరు బిగుతుగానే వదిలేసి, ఆయన వచ్చి చెట్టు కింద గొంతుక్కూర్చుని బీడీ ముట్టించాడు. అత్తను అడిగాడు, ఎందాకా ప్రయాణమమ్మా అని. కుప్పం, మా అమ్మకు బాగలేదు అంది. ఎప్పుడు తెలిసిందమ్మా అన్నాడు. పోయిన సంతకు ముందు సంత నాడు అంది అత్త. మేస్త్రీ ఈసారి మామ ముఖం చూడలేదు. బీడీ చివరి నిప్పు చూస్తూ కూర్చున్నాడు. చూడకపోవడమే మామకు ఎక్కువగా తగిలినట్టుంది. జీపు దగ్గర నుంచి వచ్చి అత్త ఎదురుగా మట్టిలో కూర్చున్నాడు.

“ఇంత ముదిరిండాదని యాల సెప్పలేదే నాకు?”

“సెప్పినా.”

“ఎప్పుడు?”

“దినామూ సెప్పినా. నువ్వు పాట పెట్టినావు.”

అంతే. అరిచి చెప్పలేదు, ఏడ్చి చెప్పలేదు. నేను పిల్లదాన్నయినా నాకు వెంటనే ఇంట్లో గిన్నెలు గుర్తొచ్చాయి. ధన్‌మన్న తపేలా, బావి గట్టుకు తగిలిన చెంబు. అవన్నీ మాటలే కదా అనిపించింది.

సరిగ్గా అప్పుడే ఠణ్‌మని తుపాకీ పేలినట్టు ఒక మోత! నేను ఎగిరి అవ్వా అని అరిచాను. ఎవరూ ముట్టుకోకుండానే దిమ్మ ఇరుసును వదిలేసి పుల్లరుతో సహా ముందుకు వచ్చింది. అత్త కూడా ఉలిక్కిపడి, నా అరుపు విని పక్కున నవ్వింది. ఆ నవ్వు నవ్వుతుండగానే ఏడుపయింది. ఎన్ని రోజులదో ఆ ఏడుపు. కొంగు నోట్లో కుక్కుకుని వంగి వంగి ఏడ్చింది. మేస్త్రీ లేచి మాకు వీపు పెట్టి, రోడ్డు మీద ఏదో బస్సు కోసం చూస్తున్నట్టు నిలబడ్డాడు.

నేను మామనే చూస్తున్నాను. జీపును ఎవరైనా తాకితేనే పరుగెత్తే మనిషి, అంత మోత మోగినా లేవలేదు. అత్త ఎదురుగానే కూర్చున్నాడు. ఆమె ఏడుపు అయిపోయేదాకా, ఊరుకో అని కూడా అనకుండా, విన్నాడు.

తరువాత మేస్త్రీ కాలిపోయిన బేరింగును పీకి చూపించాడు. నల్లగా, అక్కడక్కడా నెమలి మెడలా నీలంగా ఉంది. గ్రీజు ఉండాల్సిన చోట మాడిన పాకం పెంకులు. కొత్తది పలమనేరులో దొరికితే సరి, లేకపోతే చిత్తూరు దాకా పోవాలన్నాడు. ఎట్లా చూసినా ఆ రోజుకు బండి లేవదు. కుప్పం బస్సు మాత్రం ఇంకాసేపట్లో వస్తుంది.

ఇప్పుడు చెబితే ఇదేమంత పెద్ద విషయమా అనిపిస్తుంది. కానీ మామ ఆ జీపు తాళం చెవిని సొంత తల్లి చేతికి కూడా ఇచ్చేవాడు కాదు. పల్లెలో కూడా దాంట్లోనే పడుకునేవాడు. అలాంటిది ఊరు కాని ఊళ్లో, చక్రం విప్పి, ఇరుసు బయటపెట్టి, రాళ్ల మీద నిలబెట్టిన బండిని వదిలిపెట్టాలి. బస్సు దుమ్ము దూరంగా కనపడింది. అత్త సంచి తీసుకుని నా చెయ్యి పట్టుకుంది. మామను రమ్మని పిలవలేదు. వస్తాడని అనుకోలేదు కూడా.

మామ ఆ సంచి ఆమె చేతిలోంచి తీసుకున్నాడు. మొలతాడుకు కట్టిన తాళం చెవి విప్పి మేస్త్రీకి ఇచ్చాడు.

“నాకెందుకప్పా తాళం?” అన్నాడు మేస్త్రీ. “సక్రం లేని బండిని ఎత్తుకోని పోయేంత మొగోడు మా ఊళ్లో ఎవడుండాడు? బిన్నా ఎక్కండి, బస్సు పోతాది.”

బస్సులో చోటు లేదు. మామ దారి పొడవునా నిలబడే వచ్చాడు, జీపు ఉన్న మనిషి.

మేం పోయేటప్పటికి కుప్పంలో ఆ ఇంటి నిండా చుట్టాలు. వరండాలో నలుగురు నాలుగు కబుర్లు, పొరుగింట్లో రేడియో. ముసలామె మంచంలో గుడ్డపీలికలా ఉంది. కూతురిని గుర్తుపట్టి పెదాలు కదిపింది. మాట బయటకు రావడం లేదు. మామ గడప మీద నిలబడి, “రవ్వంతసేపు అందరూ నోరు మూసుకోండప్పా, ఆ యమ్మ ఏందో సెప్తాండాది,” అన్నాడు. పొరుగింటికి పోయి రేడియో కూడా ఆపించి వచ్చాడు. అత్త వంగి చెవిని తల్లి నోటికి ఆనించింది. నాకు మేస్త్రీ స్క్రూడ్రైవరు గుర్తొచ్చింది.

ఏం చెప్పిందని అందరూ అడిగితే అత్త కళ్లు తుడుచుకుని చెప్పింది. అన్నం తిన్నావా అని అడిగిందట.

ఆ తల్లి ఇంకొన్ని రోజులు ఉంది. గంజి కూతురు తన చేత్తో పోస్తే నాలుగు గుక్కలు మింగింది. పోయేటప్పుడు కూతురి చెయ్యి పట్టుకునే పోయింది. ఆ రోజులన్నీ మామ అక్కడే ఉన్నాడు. జీపు మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు. అత్తే ఒకసారి అడిగింది, బండి ఎట్లుండాదో అని. ఉండనీలే అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు బైరెడ్డిపల్లెలో దిగాం. జీపు నాలుగు కాళ్ల మీద నిలబడి ఉంది. మేస్త్రీ రెండు వెనక చక్రాలకూ గ్రీజు పెట్టానన్నాడు. గ్రీజు ఎక్కడిదని మామ అడిగితే ఆయన నవ్వాడు. “నీ సీటు కిందే ఉండాది కదప్పా. పాటల కింద.” ఆ మాటకు అత్త మళ్లీ నవ్వింది. ఈసారి ఏడుపు రాలేదు.

కాలిన బేరింగును మామ పారెయ్యలేదు. పసుపు దారం కట్టి జీపు ముందు భాగాన, స్టీరింగు పక్కన తగిలించుకున్నాడు. ఎక్కేవాళ్లు, ఇదేం దేవుడప్పా అని అడిగేవాళ్లు. మా ఆడామె దేవుడులే, ఎక్కండి, అనేవాడు. పాటలు మానేశాడని చెప్పను. అంత మంచివాడు కాలేదు. కానీ పుంగనూరు దాటాక ఒక దిగుడు ఉంటుంది. ప్రతి ట్రిప్పుకూ అక్కడ టేపు ఆపేసి, దిగుడు పూర్తయ్యేదాకా బండిని వింటూ పోయేవాడు. మంచి పాటలో ఆపినావు కదప్పా అని జనం గోల చేసినా పెట్టేవాడు కాదు. ఇంట్లో తపేలా ధన్‌మంటే మాత్రం జీపులోకి పోయేవాడు కాదు. వంటింటి గడప మీద కూర్చుని, “ఏమే, ఏం కత?” అనేవాడు.

నేను పెద్దదాన్నయ్యాక మదనపల్లెకు కోడలిగా వచ్చాను. మా ఇంటాయన టమాటా మార్కెట్టులో గంపలు ఎత్తే పని చేసేవాడు. నొప్పి అంటే నోరు విప్పని మనిషి. ఒక ఏడాది ఆయన చెప్పులు గడప దగ్గర ఈడ్చుకుంటూ పడడం మొదలైంది. అంతకు ముందు టపటపమని పడేవి. వేరేవాళ్లకు అది వినిపించే శబ్దం కాదు. నేను ఆ రాత్రే అడిగాను. లేదన్నాడు. మళ్లీ అడిగాను. కొట్టినట్టు అడగలేదు, పక్కన కూర్చుని ఊరికే ఉన్నాను. చాలాసేపటికి చెప్పాడు, గుండెలో బరువుగా ఉందని, కొన్నాళ్లుగా ఉందని, మీరు భయపడతారని చెప్పలేదని. వైద్యం చేయించాం. ఇంకొన్నేళ్లు ఉన్నాడు. తరువాత పోయాడు. మనిషిని ఆపడం మన చేతిలో లేదు. కానీ ఆయన చెప్పాలనుకున్నది చెప్పకుండా పోలేదు. నాకు మిగిలిన ధైర్యం అదొక్కటే.

మా మామ పోయాడు, జీపు ఏ పాత ఇనుములోనో కలిసిపోయింది. అత్త ఉంది, ఇప్పటికీ మాట తక్కువే. నాకేమో వయసుతో గొంతు బొంగురుపోయింది, మాట్లాడితే గరగరమంటుంది. చెవులు మాత్రం బాగున్నాయి. ఇంట్లో టీవీ మోగుతుంటుంది. వంటింట్లో గిన్నె కొంచెం గట్టిగా పడితే టీవీ ఆపేస్తాను. మనవడు గోల చేస్తాడు. చేయనీ. ఇంట్లో ప్రతి శబ్దమూ ఏడుపు కాదు, నాకూ తెలుసు. కొన్ని నిజంగానే పాటలు. ఏది ఏదో తెలియాలంటే మన పాట ఒక నిమిషం ఆపాలి.

ఇందాకటి నుంచి నా కోడలి కలం గీసుకుంటూ గరగరమని పోతోంది. మా ఇంటాయన చెప్పుల సంగతి దగ్గర అది ఆగింది. కాసేపటికి మళ్లీ కదిలింది, కానీ ఇదివరకటిలా లేదు. ఈ పిల్లకు తండ్రి పోయి ఏడాది కూడా కాలేదు.

ఇక రాసింది చాలు తల్లీ. కాగితం పక్కన పెట్టు. ఇప్పుడు నువ్వు చెప్పు, నేను వింటాను.